వరసమ్మకు నేను నేర్పిన వరస

పైడితల్లి, పంపుల ఫిట్టర్, కొత్తభీమిలి. పని దినచర్య.

నమోదు 1

ఇందుమూలముగా కొత్తభీమిలి సమస్త ప్రజానీకానికి, ఎర్రమట్టి కింద ఊపిరి పీల్చుకుంటున్న ప్రతివారికీ, పీల్చుకోవడానికి బద్ధకించేవారికి కూడా తెలియజేయడమైనది ఏమనగా: నేటి నుంచి మూడో నంబరు పంపు నాకు అత్తగారు. ఆమెను ఎవరూ 'అది' అనరాదు. రెంచీ పట్టుకునే ముందు చెప్పులు విప్పవలెను. ఆమె వేడెక్కినప్పుడు ఎదురు చెప్పరాదు. ఈ ఉత్తర్వు మీరినవారికి స్నానపు నీళ్ళు చల్లగా వచ్చును.

ప్రకటన నాది. ఆమోదించింది మాత్రం వరసమ్మ.

వరసమ్మ అంటే మా ఊళ్ళో ప్రతి తలుపులోనూ ఉండే గొంతు. తలుపు ముందు నిలబడితే చాలు, లోపలివాళ్ళకు వరసతో కబురు చెబుతుంది. మీ పెద్దమ్మ వచ్చింది, మీ తోడల్లుడు వచ్చాడు అని. మొదటి ఓడలో వచ్చినవాళ్ళు ఒకరికొకరు ఏమీ కారు. పరాయివాళ్ళుగా ఇంత ఇరుకులో బతికితే గొంతులు పిసుక్కుంటారని భయపడి, ఓడలో ఉన్న ముసలమ్మలందరినీ కూర్చోబెట్టి, వాళ్ళకు తెలిసిన వరసలన్నీ చెప్పించి ఈ యంత్రానికి నేర్పారు. ఆనాటి నుంచి ఊరంతా చుట్టాలే. భూమ్మీద పెళ్ళికి ముందు కుజదోషం చూసేవారట. ఇక్కడ కాపురమే కుజుడి మీద కాబట్టి ఆ బాధ లేదు, వరస కుదిరితే చాలు.

ఒక వరస నలుగురి నోట పదే పదే వినబడితే వరసమ్మ ఒప్పేసుకుంటుందని నాకు అనుమానం. నిజమో కాదో చూద్దామని పంపుల గదిలో నాతో పనిచేసే ముగ్గురికీ వేరుశనగ ఉండలు పెట్టాను. నలుగురం కలిసి పంపును అత్తగారూ అత్తగారూ అంటూ తిరిగాం. ఇవాళ పొద్దున్న క్యాంటీన్ నిండా జనం ఉండగా గోడలోంచి గొంతు వచ్చింది. "పైడితల్లీ, మీ అత్తగారు వేడెక్కారు. వెంటనే వెళ్ళి చల్లార్చండి."

ఉప్మా తింటున్నవాళ్ళు ఉప్మా మానేశారు.

కూర్మారావు పిలిపించాడు. ఈయన మా విద్యాలయానికి రిజిస్ట్రారు, ఊరికి వరసల పెద్ద. వయసు నాకంటే తక్కువ. కానీ వరసమ్మ లెక్కలో ఎక్కడో మెలిక పడి ఈయన నాకు తాత అయ్యాడు. నాకు నలభై ఏడు, మా తాతకు ముప్పై ఎనిమిది. క్యాంటీన్ వరుసలో కనబడినప్పుడల్లా అందరిముందూ కాళ్ళకు దండం పెట్టి దీవెన అడుగుతాను. ఆయన పళ్ళు కొరుకుతాడు, దీవిస్తాడు.

"పంపు అత్తగారేమిటి పైడితల్లీ?"

"ఏటి సెయ్యమంటారు తాతగారూ. ఉన్న అత్త పోయాక నన్ను తిట్టీవోళ్ళే లేకపోయినారు. ఈవిడైతే రోజూ బుసలు కొడతాది."

"నన్ను తాతా అనొద్దని చెప్పాను."

"వరసమ్మ మాట దాటొద్దని కూడా మీరే సెప్పినారు."

ఆయన బల్ల మీది రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా ఊళ్ళో ఎవరైనా సరే, చేసే పనితో పాటు విద్యాలయంలో ఒక మైనర్, అంటే చిన్న పక్క చదువు, చదవాలి. నేను ఎప్పటినుంచో ఎగ్గొడుతున్నాను. ఈసారి ఆయనే నా పేరు రాసేశాడు: క్వీర్, లైంగికత అధ్యయనాలు. అంటే ఊరందరి ఆడామగా వరసలో ఇమడని బతుకుల చదువట.

దాన్ని ఈ విడతతో మూసేయాలని ఆయన ఆలోచనట. ఊరికి పనికొచ్చిందని విడత చివర చూపించలేని మైనర్ ఉండదు. నన్ను అందులో పడేస్తే పని తొందరగా అయిపోతుందని లెక్క వేశాడు. లెక్కలు వచ్చిన తాత.

నమోదు 2

అత్తగారికి కొత్త వాషరు వేశాను. తర్వాత క్లాసు.

టీచరు హిమజ మేడం. ఇక్కడే పుట్టిన పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. మగపిల్లాడిగా పుట్టిందన్నారు, ఆడపిల్లగా బతుకుతోంది. ఈ ఊళ్ళో పీల్చే గాలికే తీరిక లేదు, ఒకరి ఒంటి సంగతి ఎవరికి కావాలి. అందరూ మేడం అంటారు. వరసమ్మకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కన్నతల్లి తలుపు ముందు నిలబడితే ఇప్పటికీ 'మీ అబ్బాయి వచ్చాడు' అంటుంది. అందుకే మేడం ఏ తలుపు దగ్గరా ఒంటరిగా ఆగదు. నలుగురు వెళుతుంటే వాళ్ళ మధ్యలో దూరుతుంది.

క్లాసులో కుర్రకారు ముగ్గురు, నేను, వెనక బల్ల మీద సింహాద్రి అన్న. ఆకుకూరల గదిలో పనిచేస్తాడు, గోళ్ళలో ఎప్పుడూ మట్టి ఉంటుంది. గోంగూర ఆయన చెయ్యి పడితేనే పులుస్తుంది.

"నువ్వెందుకొచ్చినావన్నా?" అన్నాను.

"ఇరవయ్యేళ్ళ పైన ఈ బతుకు బతికినానుగదా, దాన్ని పుస్తకంలో ఏటంటారో సూద్దామని."

మేడం క్వీర్ మనుషులు ఒకప్పుడు ఎత్తిన జెండాల బొమ్మలు చూపించి, ఇది ఇంద్రధనుస్సు అంది. కుర్రాళ్ళు తెల్లముఖం వేశారు. పాపం, వానే లేని చోట పుట్టినవాళ్ళు. నేను చెయ్యెత్తి, నీళ్ళ గొట్టం నట్టు అరమర వదులు చేశాను. దీపం ఎదురుగా తుంపర లేచింది. గోడ మీద ఏడు రంగులు వంగాయి. కుర్రాళ్ళు నోరు తెరిచారు. మేడం తడిసిపోయింది. తిడుతుందనుకున్నాను. ఆమె కూడా అంతవరకు బొమ్మలోనే చూసిందట, తడిసిన చీరతో అలాగే నిలబడిపోయింది.

తర్వాత పాఠం చెప్పింది. "పాత కాగితాల్లో ఇలాంటివాళ్ళు కనబడరు. కనబడితే ఏ పోలీసు కేసులోనో, ఎవరో చేసిన ఎకసెక్కంలోనో కనబడతారు. రాయలేదు కాబట్టి లేరని అనుకోవద్దు. అడిగినవాళ్ళు లేక చెప్పలేదేమో."

"గోడలో గొట్టం కనబడదు మేడం," అన్నాను. "సెమ్మ కనబడతాది. సెమ్ముందంటే గొట్టముంది."

ఆ మాట బోర్డు మీద రాసింది. నా మాట బోర్డు ఎక్కడం అదే మొదలు. బడిలో చదివినన్నాళ్ళూ నా పేరు ఎక్కేది, అల్లరి చేసినవాళ్ళ జాబితాలో.

క్లాసు అయ్యేసరికి తలుపు పలికింది: "సింహాద్రీ, మీ బావ డేవిడ్‌రాజు వచ్చారు." ఇద్దరూ పకపకా నవ్వారు. డేవిడ్‌రాజు దీపపు గాజులు కోస్తాడు. వీళ్ళ కాపురం మొదటి రోజుల్లో, ఒకే గదికి ఇద్దరు మగాళ్ళు ఎక్కితే వరసమ్మ తోచిన వరస ఒకటి అంటించేసింది. అప్పటినుంచి లోకానికి బావాబావమరుదులు.

"ఏం నేర్చుకున్నావురా ఇవాళ?" అన్నాడు డేవిడ్‌రాజు.

"మనకొక పేరుందటరా."

"ఎవడు పెట్టాడు?"

"దొరలు."

"తిరిగిచ్చేసి రా. గోంగూర మాడుతోంది."

నమోదు 3

దుమ్ము లేచింది. పైన ఆకాశం కనబడటం లేదట. కిందవాళ్ళకు అది ఎప్పుడూ కనబడదు కాబట్టి తేడా లేదు గానీ, గాలి జల్లెడలు దులిపి దులిపి నా భుజాలు పడిపోయాయి.

తూర్పు గాజుగోడకు చీలిక పడితే డేవిడ్‌రాజు అతకడానికి వెళ్ళాడు. అతికాడు. తిరిగొచ్చేటప్పుడు దగ్గుతున్నాడు. సాయంత్రానికి ఆవిరి గదిలో పడుకోబెట్టారు. దుమ్ము జబ్బు.

ఆ జబ్బు సంగతి రాయాలి. మనిషి మగతలోకి జారుకుంటాడు, ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు. మందు ఒక పక్క, పిలుపు ఒక పక్క. ఎవరో ఒకరు పక్కన కూర్చుని పిలుస్తూనే ఉండాలి. ఊపిరి తియ్యరా, ఊపిరి తియ్యవే అని. పరాయి గొంతుకు మగతలో ఉన్నవాళ్ళు పలకరు. సొంత మనిషి గొంతు అందితే ఎంత లోతు నుంచైనా తేలుతారు. డాక్టర్లు దీనికి ఏదో కారణం చెబుతారు, నాకు తలకెక్కలేదు. చూసిన వాస్తవం మాత్రం ఇదే.

అయితే ఆ గదిలోకి ఒక్కరినే పంపుతారు. తల్లి, తండ్రి, తోబుట్టువు, ఆలుమగలు, బిడ్డ. ఈ వరసలకే తలుపు తెరుచుకుంటుంది. ఈ కట్టడి ఎందుకొచ్చిందంటే మా బుద్ధి వల్లే. ఊరు కట్టిన కొత్తలో మొదటి రోగిని చూడటానికి ఎనభై మంది చుట్టాలు వెళ్ళారు, క్యారియర్లతో సహా. చూడకపోతే ఏమనుకుంటారో అని. పులిహోర పంచుకుని తిన్నారు. ఎనభై మందీ దగ్గుకుంటూ బయటికొచ్చారు. అప్పటినుంచి ఆ తలుపు తాళం వరసమ్మ చేతిలోనే ఉంది, మనిషి చేతికి ఇవ్వలేదు.

సింహాద్రి తలుపు ముందు నిలబడ్డాడు.

"బావ వరసకు ప్రవేశం లేదు," అంది వరసమ్మ. మెత్తగానే చెప్పింది. మనసు చెడ్డది కాదు, ముసలమ్మల గొంతే కదా.

డేవిడ్‌రాజుకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, తోబుట్టువూ లేదు. లోపల వరసమ్మే పిలుస్తోంది. "డేవిడ్‌రాజు గారూ, ఊపిరి తీసుకోండి." నర్సు గాజులోంచి మాకేసి తల అడ్డంగా ఊపింది. ఆ పిలుపుకు ఆయన పలకడం లేదు.

నమోదు 4

అత్తగారు ఆవిరి గదికి ఆవిరి తోలుతూనే ఉంది. ఆమె పని ఆమె చేస్తోంది. మనుషుల సంగతే ఇలా ఉంది.

సింహాద్రి తలుపు దగ్గరి నుంచి లేవలేదు. టీ తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అన్నా, ఒక మాట. తమ్ముడని సెప్పీ. అత్తగారి వరసకి నలుగురు దొరికినట్టే దీనికీ దొరుకుతారు. బావ తీసీసి తమ్ముడంటే తలుపు తీసీస్తాది."

ఆయన టీ కింద పెట్టాడు.

"పైడమ్మా, ఇరవయ్యేళ్ళు ఒక దుప్పట్లో పడుకున్నాం. ఆడి జొరం నాకు తెలుసు, నా గురక ఆడికి తెలుసు. ఇన్నాళ్ళూ బావ అంటే నవ్వుకున్నాం. ఇప్పుడు ఆడు సచ్చిపోతన్నాడని తమ్ముడనమంటావా? బతికొచ్చాక నన్ను తంతాడు. సచ్చిపోతే ఆ అబద్ధమే ఆడి మీద కప్పి పంపించాల."

ఆ టీ అలాగే చల్లారిపోయింది. 

లేచి తలుపు ముందుకెళ్ళాను.

"వరసమ్మా, డేవిడ్‌రాజు సింహాద్రికి ఏటవుతాడు?"

"బావ."

"కాడు."

"స్నేహితుడు."

"కాడు. ఆలుమగలు ఎలగో, ఈలిద్దరూ అలగ."

"ఆలి లేదు. వరస కుదరలేదు."

"మగోడికి మగోడే జతైతే?"

"ఆ వరస నాకు ఎవరూ చెప్పలేదు."

మేడం చెప్పిన పాఠం అప్పుడు నెత్తి మీద పడింది. లేదనడం లేదు, చెప్పలేదంటోంది. ఓడలో ముసలమ్మలను కూర్చోబెట్టినప్పుడు మేనరికాలు అడిగారు, మారు మనువులు అడిగారు, ఈ సంగతి ఎవరూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

"సెప్తే నేర్చుకుంటావా?"

"పంపుకైతే నలుగురి నోట వినబడితే చాలు. మనుషుల వరసకు మూలం కావాలి. ఏ ఊళ్ళో, ఎవరు, ఎవరిని, ఎలా పిలిచేవారు. తెలిసిన పెద్ద ఆడమనిషి ఊరిముందు చెప్పాలి. తర్వాత నలుగురి నోట వినబడాలి. ఆ నలుగురిలో ఒకరు వరసల పెద్ద కావాలి."

కూర్మారావు దగ్గరికి పరిగెత్తాను. ఆయన రాయిమనిషి కాడు, ముఖం పాలిపోయి ఉంది. "భూమికి రాశాను. అనుమతి రావాలి," అన్నాడు.

"ఎప్పుడొస్తాది?"

"వాళ్ళు కమిటీ వేస్తారు."

కమిటీ కూర్చునేసరికి ఇక్కడ గోంగూర రెండో కోతకొస్తుంది. డేవిడ్‌రాజు ఊపిరి అంతదాకా ఆగదు.

నమోదు 5

క్యాంటీన్‌లో బల్లలు పక్కకు జరిపి ఊరిని పిలిచాను. పంపు అత్తగారికి సీమంతం అనుకుని కొందరు వచ్చారు. సంగతి తెలిసి ఎవరూ వెళ్ళిపోలేదు. నేను బల్ల ఎక్కాను. నేను అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"మా అమ్మమ్మ అప్పాయమ్మది ఉప్పరేవు. భీమిలికి ఉత్తరాన, ఇసకలో గుడిసెలు. ఆ ఊళ్ళో తెప్ప ఎలగ కడతారో మీలో సగం మందికి తెల్దు. ఒక్క మొద్దు మీద ఎవడూ సముద్రం మీదకెళ్ళలేడు, దొర్లిపోతాది. మొద్దుకి మొద్దు కలిపి కడితేనే తెప్ప. ఇద్దరు మగోళ్ళు జతగా బతుకుతామంటే, ఇద్దరాడోళ్ళు బతుకుతామన్నా సరే, ఊరు ఒడ్డుకొచ్చీది. ఒకే తెడ్డుని ఆ కొన ఒకరు, ఈ కొన ఒకరు పట్టుకునీవోరు. పెద్దామె తెడ్డు మీద ఉప్పునీళ్ళు పోసి, 'ఈలిద్దరిదీ ఒకటే తెప్ప' అనీది. అంతే. ఆనాటినుంచి ఒకరికొకరు తెప్ప. మా అమ్మమ్మ తన అన్న జతగాణ్ణి తెప్పన్న అనీది. ఆడోళ్ళైతే తెప్పక్క. ఆ ఇంట్లో జబ్బు సేస్తే తెప్పే పక్కన కూకునీది. పోతే తెప్పే నిప్పు పెట్టీది. ఏ మొద్దు ఆడది, ఏ మొద్దు మగది అని సముద్రం అడగదు."

క్యాంటీన్‌లో వెనకున్నవాళ్ళు ముందుకు జరిగారు.

కూర్మారావు లేచాడు. "ఆ ఊరు పటంలో ఎక్కడుంది?"

"లేదు తాతగారూ. సముద్రం మింగీసింది."

"సాక్ష్యం?"

"సముద్రాన్ని అడగాల."

ఎవరో కిసుక్కుమన్నారు. కూర్మారావు నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అడిగినారేటి ఎవరైనా? నన్ను మీరు పంపు గురించి తప్ప ఏదైనా అడిగినారా?"

హిమజ మేడం కళ్ళద్దాల పైనుంచి నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు, కొత్త వాషరును నేను అలాగే చూస్తాను, అతుకుతుందా లేదా అని. నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"నిజంగా మీ అమ్మమ్మ చెప్పిందేనా?"

"మా అమ్మమ్మ మీద ఒట్టు మేడం."

"ఆవిడ బతికున్నారా?"

"లేదు."

"అయితే ఒట్టుకు భయం లేదన్నమాట," అని గోడ దగ్గరికెళ్ళి, అందరికీ వినబడేలా పలికింది. "సింహాద్రి తెప్ప డేవిడ్‌రాజు."

మొదటి నోరు ఆమెది. రెండోది నాది. "సింహాద్రి అన్నకి తెప్ప డేవిడ్‌రాజు. నాకు తెప్పన్న." మూడోది రొట్టెల పొయ్యి దగ్గర పనిచేసే కాసులమ్మ. ఆమె ఏమీ అడగకుండా లేచి, చేతుల పిండి దులుపుకుని, ఆ మాట చెప్పి కూర్చుంది. పక్కన కూర్చున్న ఆమె స్నేహితురాలు ఆమె చెయ్యి పట్టుకోవడం చూశాను. చెమ్మ, గొట్టం.

తర్వాత క్యాంటీన్ క్యాంటీనంతా లేచింది. ప్రతి గోడలోకీ చెప్పారు, ప్రతి తలుపులోకీ చెప్పారు. నాతో రెండేళ్ళుగా మాట్లాడని పాలకూర వెంకాయమ్మ కూడా నావైపు చూడకుండా గోడకు చెప్పి వెళ్ళింది.

"నలుగురిలో ఒకరు తక్కువ," అంది వరసమ్మ. "వరసల పెద్ద."

అందరం ఆవిరి గదికి నడిచాం. కూర్మారావు ముందే అక్కడికి చేరి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. గాజులోంచి నర్సు రెండు చేతులూ ఆడిస్తోంది, తొందరగా అని.

"నేను అబద్ధానికి ముద్ర వేయలేను," అన్నాడు. "ఇవాళ ఇది వేస్తే రేపు పైడితల్లి ఇంకేదో తెస్తుంది."

అది న్యాయమే. తెస్తాను.

నేను నోరు తెరవబోయాను. సింహాద్రి నన్ను ఆపాడు. కిందనుంచి మెల్లగా లేచి, కూర్మారావు ఎదురుగా నిలబడ్డాడు.

"బాబూ, ఈ పైడి నిన్ను అందరిముందూ తాతా అంటాది. వరసమ్మ సెప్పినాదే అంటాది. నీకెలగుంటాది?"





"ఒళ్ళు మండుతుంది," అన్నాడు కూర్మారావు. "నేను కాని వరస పట్టుకుని పిలిస్తే మండదా?"

"ఆణ్ణి నాకు బావ అన్నప్పుడల్లా నాకూ అలగే ఉంటాది. ఇరవయ్యేళ్ళ బట్టీ."

నేను కూర్మారావును ఏడిపించిన సందర్భాలన్నీ ఆయన ముఖం మీద వరుసగా వెళ్ళాయి. ఇన్నాళ్ళకు నా అల్లరి ఒక పనికొచ్చిందని అప్పుడు తెలిసింది. తర్వాత ఆయన తలుపు వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. సభల్లో మాట్లాడే గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు.

"వరసమ్మా, డేవిడ్‌రాజుకి తెప్ప వచ్చాడు. తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది.

నమోదు 6

గాజు ఇవతల మేమందరం. లోపల సింహాద్రి మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. బతిమాలుతాడనుకున్నాను. తిట్టాడు.

"ఒరే డేవిడూ. గోంగూర మాడిపోయిందిరా. నీ గాజులు ఎవడూ కొయ్యలేక దీపాలన్నీ సగం సగం ఎలుగుతన్నాయిరా. ఊపిరి తియ్. తియ్యి ఎదవా. నాను వొచ్చీసినాను గదా, ఇంకేటి ఆలీసెం."

నర్సు చెయ్యెత్తి ఆగమంది. ఛాతీ లేచింది. దిగింది. మళ్ళీ లేవడానికి తాత్సారం చేసింది.

"తియ్ రా."

లేచింది.

అలా సాగింది. సింహాద్రి గొంతు బొంగురు పోయింది, మానలేదు. తిట్లు అయిపోతే పాత కబుర్లు, అవి అయిపోతే మళ్ళీ అవే తిట్లు. నేను మధ్యలో వెళ్ళి అత్తగారి ఒళ్ళు తుడిచి వచ్చాను. ఆవిరి ఒక్క క్షణం తగ్గలేదు. మామూలుగా గంటకొకసారైనా మొరాయించేది.

డేవిడ్‌రాజు కళ్ళు తెరిచినప్పుడు ముందు వరసమ్మే పలికింది. "డేవిడ్‌రాజు గారూ, మీ తెప్ప వచ్చారు."

ఆయన చుట్టూ చూశాడు. సింహాద్రిని చూశాడు. పెదాలు కదిపాడు. గాజులోంచి మాకు వినబడలేదు, నర్సు తర్వాత చెప్పింది. "తెప్పేంటిరా? ఇక్కడ సముద్రమెక్కడుంది?" అన్నాడట.

బయట కాసులమ్మ ఏడ్చింది. పాలకూర వెంకాయమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చి, ఎవరి భుజమో చూసుకుని తీసేసింది.

నమోదు 7

ఊరికి పండగ.

డేవిడ్‌రాజు కర్ర సాయంతో నడుస్తున్నాడు. తెడ్డు పట్టించాలని ఊరు పట్టుబట్టింది. ఇక్కడ తెడ్డు ఎవరి దగ్గరుంటుంది? అత్తగారి పొడుగు పిడి ఊడదీసి ఇచ్చాను. ఆమె ఏమీ అనలేదు. ఆ కొన ఒకరు, ఈ కొన ఒకరు పట్టుకున్నారు. క్యాంటీన్ ఉప్పు కలిపిన నీళ్ళు నేనే పోశాను. పోస్తూ నాలుగు చుక్కలు కూర్మారావు తల మీద కూడా పోశాను, పొరపాటున.

"ఈలిద్దరిదీ ఒకటే తెప్ప," అన్నాను. నా గొంతు వణికిందని కొందరంటున్నారు. అది చలి.

క్లాసు కుర్రాళ్ళు గొట్టం నట్టు వదులు చేశారు. నేను నేర్పిందే. దీపాల ముందు తుంపర లేచి, పెళ్ళిపందిరి అంత ఇంద్రధనుస్సు నిలబడింది. కాసులమ్మ, ఆమె స్నేహితురాలు అదే తుంపరలో ముందుకొచ్చి, "పిడి దింపకండి," అన్నారు. దింపలేదు.

సందడి సద్దుమణిగాక హిమజ మేడం నా చెయ్యి పట్టుకుని పడమటి వీధికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ గది. మేడం తలుపు ముందు నిలబడింది. ఒంటరిగా. మేం నలుగురం పది అడుగుల వెనక ఉన్నాం, నేను, సింహాద్రి, డేవిడ్‌రాజు, కూర్మారావు. అంతకుముందు రోజుల్లో పని అయ్యాక నలుగురం గోడల దగ్గర తిరుగుతూ ఒకే మాట అనుకుంటూ వచ్చాం. ఈ వరసకు మూలం అక్కర్లేకపోయింది, కూతురు అనే మాట వరసమ్మకు ఎప్పుడో తెలుసు.

"అమ్మగారూ," అంది తలుపు. "మీ అమ్మాయి వచ్చింది."

లోపల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత ముసలావిడ గొంతు. "తెలుసు. ఇన్నాళ్ళకి నీకు తెలిసిందన్నమాట. తలుపు తియ్యవే."

నమోదు 8

విడత ముగిసింది. ఊరికి పనికొచ్చిందా లేదా అని కూర్మారావు అడగలేదు. మైనర్ మూతపడలేదు, పై విడతకు గది చాలడం లేదు, బల్లలు క్యాంటీన్ నుంచి మోశాం. ముందు వరుసలో కూర్మారావు కూర్చుంటున్నాడు. నోట్సు రాసుకుంటాడు. నాకు మార్కులు బాగా వచ్చాయి. జీవితంలో మొదటిసారి పాసయ్యాను, అదీ పంపు పక్కన కూర్చుని చదివి.

ఆయనకు నేను ఒక బహుమతి ఇచ్చాను. నలుగురిని పోగేసి తాత వరస తీయించేశాను. ఇప్పుడు ఆయన నాకు తమ్ముడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కను చూసినప్పుడల్లా లేచి నిలబడాలన్న సంగతి ఆయనకు క్యాంటీన్‌లో తర్వాత గుర్తొచ్చింది.

చివరగా మేడం పెట్టిన ఆఖరి పని మిగిలింది. నా ప్రాజెక్టుకు ఆధారాలు రాయమంది. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఎప్పుడు. ఇలాంటి చదువులో ఆధారం ముఖ్యమట. రాస్తున్నాను. వరసమ్మా, ఈ దినచర్య నువ్వూ చదువుతావని తెలుసు, చదువుకో. ఇప్పటికి ఊళ్ళో తెప్ప జతలు పదకొండు. పిల్లలు తెప్పనాన్నా, తెప్పమ్మా అని పిలిచి అన్నాలు తింటున్నారు. తీసేయగలిగితే తీసెయ్యి చూద్దాం.

మా అమ్మమ్మ పేరు అప్పాయమ్మే. ఆమె కొండల్లో పుట్టింది, కొండల్లోనే పోయింది. సముద్రం ఎన్నడూ చూడలేదు. నిండు బిందె చూసినా నాలుగడుగులు వెనక్కి వేసేది. ఉప్పరేవు అనే ఊరు ఏ సముద్రమూ మింగలేదు, ఎందుకంటే ఆ ఊరు లేదు. తెడ్డు, ఉప్పునీళ్ళు, తెప్ప వరస, అన్నీ సింహాద్రి అన్న టీ చల్లారిన రోజున అత్తగారి నట్లు బిగిస్తూ నేను అల్లినవి.

పంపు మా అత్తగారన్నది మాత్రం నిజం.